ఫోన్‌లోని అమానత్: వీపీఎన్ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

గత రంజాన్‌కు పది రోజుల ముందు సంగతి. ఆ ఏడాది జకాత్ సహాయానికి దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాల కాగితాలన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి సొసైటీ మెయిల్‌కు పంపే పనిని డిగ్రీ చదువుతున్న ఒక వాలంటీరుకు అప్పగించాం. అరవైకి పైగా కుటుంబాలు. ఒక్కో దరఖాస్తులో ఆధార్ నకలు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ ఉంటాయి. భర్త పోయిన ఆడవాళ్లయితే మరణ ధ్రువపత్రం, జబ్బు చేసినవాళ్లయితే ఆసుపత్రి చీటీలు కూడా ఉంటాయి. సాయంత్రం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నీ పంపేశాను సార్. రైలు కోసం స్టేషన్లో కూర్చున్నాను కదా, అక్కడి ఉచిత వైఫైలో చకచకా అయిపోయింది" అన్నాడు.

బయటి వైఫైలో అలాంటి కాగితాలు పంపొచ్చా బాబూ అని అడిగాం. "వీపీఎన్ ఆన్ చేసే పంపాను సార్, భయమేం లేదు" అన్నాడు. ఆ వీపీఎన్ ఎవరిది అని అడిగాం. కాసేపు మాట లేదు. "ఎవరిదో తెలీదు సార్. ఫ్రీది. డౌన్‌లోడ్ చేసుకున్నాను, అంతే."

మాకు తెలిసినంతవరకు ఆ కాగితాలకు ఏ హానీ జరగలేదు. అయితే ఇలాంటి విషయాల్లో చిక్కు అక్కడే ఉంది. బీరువాలోంచి కాగితం పోతే ఖాళీ కనిపిస్తుంది. ఫోన్‌లోంచి నకలు పోతే అసలు అక్కడే ఉంటుంది, పోయిన సంగతి మనకు తెలియదు. ఆ కాగితాలు మావి కావు. మమ్మల్ని నమ్మి ఆ కుటుంబాలు మా చేతిలో పెట్టినవి. మన పెద్దలు దీన్నే అమానత్ అన్నారు. డబ్బు అమానత్‌కు ఏటా లెక్క చెబుతున్నాం, ఆడిట్ చేయిస్తున్నాం. సమాచారం అమానత్‌కు ఎవరం లెక్క చెబుతున్నాం? ఈ ప్రశ్న పట్టుకుని మేము కొన్ని నెలలు చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. బడిలో ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లమే గాని కంప్యూటర్ ఇంజనీర్లం కాము. అందుకే మాకు అర్థమైన తీరులోనే, బల్లమీద పాఠం చెప్పినట్టు చెబుతాం.

పోస్టుకార్డు, కవరు, పెద్ద కవరు

మన వయసువాళ్లందరికీ పోస్టుకార్డు గుర్తుంటుంది. దానిమీద రాసింది పోస్టుమాన్ చదవొచ్చు, పక్కింటివాళ్లు చదవొచ్చు. మొదట్లో ఇంటర్నెట్‌లో చాలా వెబ్‌సైట్లు ఇలాగే నడిచాయి. 2010లో ఎరిక్ బట్లర్ అనే అమెరికా ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న పరికరాన్ని బయటపెట్టాడు. అది ఉన్న ల్యాప్‌టాప్‌తో కాఫీ హోటల్లో కూర్చుంటే, అదే తాళం లేని వైఫై వాడుతున్న పక్కవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క నొక్కుతో వెళ్లిపోవచ్చు. దొంగతనం నేర్పడానికి కాదు, తలుపులు ఎంత బార్లా తెరిచి ఉన్నాయో లోకానికి చూపడానికే చేశానన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లలో పెద్ద వెబ్‌సైట్లన్నీ కవర్లకు మారాయి.

ఆ కవరు పేరే హెచ్‌టీటీపీఎస్. బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు చిరునామాకు ముందు ఈ అక్షరాలు కనిపిస్తాయి. లోపల మనం రాసే పాస్‌వర్డు, ఖాతా నంబరు అంతా గుప్తలిపిలోకి మారి వెళ్తుంది. దారిలో ఎవరు పట్టుకున్నా వాళ్లకు అర్థంలేని అక్షరాల కుప్పే దొరుకుతుంది. నేడు మనం రోజూ చూసే వెబ్‌సైట్లలో చాలా భాగం ఇలా కవరులోనే ప్రయాణిస్తున్నాయి. వాట్సాప్ సందేశాలకు కూడా 2016 నుంచి ఇలాంటి ముద్ర ఉంది. పంపినవారి ఫోను, అందుకున్నవారి ఫోను తప్ప మధ్యలో ఎవరూ వాటిని చదవలేరు.

అయితే కవరు లోపలి ఉత్తరాన్ని దాస్తుంది గాని, పైన ఉన్న చిరునామాను దాచలేదు. ఈ ఇంటినుంచి ఫలానా కేన్సర్ ఆసుపత్రికి వారానికి మూడు ఉత్తరాలు వెళ్తున్నాయని పోస్టుమాన్‌కు తెలుస్తుంది. లోపల ఏముందో చదవకపోయినా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించగలడు. ఇంటర్నెట్‌లో ఆ పోస్టుమాన్ మనకు కనెక్షన్ ఇచ్చే కంపెనీ, లేదా వైఫై నడిపేవారు. ఏ ఫోను ఏ సమయంలో ఏ వెబ్‌సైటు గడప తొక్కిందో వాళ్లకు చాలావరకు కనిపిస్తుంది. అటువైపు వెబ్‌సైటుకు కూడా మన చిరునామా కనిపిస్తుంది. దాన్ని ఐపీ అడ్రసు అంటారు. అది ఏ కంపెనీ కనెక్షన్, సుమారుగా ఏ ఊరు అనేది దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ వీపీఎన్ వస్తుంది. వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అనే మాటకు అది పొట్టి రూపం. మనం రాసిన కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి, పైన ఒక మధ్యవర్తి ఆఫీసు చిరునామా రాసి పంపామనుకోండి. మన పోస్టుమాన్‌కు ఆ ఆఫీసు పేరు తప్ప మరేమీ కనబడదు. ఆఫీసులో పెద్ద కవరు విప్పి, లోపలి చిన్న కవరును తమ చిరునామాతో అసలు చోటికి పంపుతారు. జవాబు వాళ్లకే వస్తుంది, మళ్లీ పెద్ద కవరులో పెట్టి మనకు చేరవేస్తారు. మన ఫోన్‌కూ ఆ ఆఫీసు సర్వర్‌కూ మధ్య ఒక సొరంగం తవ్వినట్టు ఉంటుందని ఇంజనీర్లు చెబుతారు. సొరంగంలో ఏం పోతోందో పైనున్నవాళ్లకు తెలియదు.

దీన్ని కనిపెట్టింది కంపెనీల కోసం. ఒక బ్యాంకుకు నాలుగు ఊళ్లలో శాఖలుంటే వాటన్నిటినీ కలపడానికి సొంత లైన్లు అద్దెకు తీసుకోవడం చాలా ఖర్చు. అందరూ వాడే ఇంటర్నెట్ మీదుగానే తమకు మాత్రమే దారి ఉండేలా చేసుకుంటే పని తేలిక. 1990లలో ఈ అవసరంలోంచే పీపీటీపీ అనే పద్ధతి పుట్టింది. తర్వాత దానిలో లోపాలు బయటపడ్డాయి. 2001లో ఓపెన్‌వీపీఎన్ వచ్చింది. వైర్‌గార్డ్ అనే కొత్త పద్ధతి 2020లో లినక్స్ లోపలికే చేరింది. ఇప్పుడు మంచి వీపీఎన్‌లు ఎక్కువగా ఈ రెండింటినే వాడుతున్నాయి. ఇంట్లో కూర్చుని ఐటీ ఉద్యోగం చేసే మన పిల్లలు పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి మొదట కలిపేది కంపెనీ వీపీఎన్‌నే. అది ఆ కంపెనీ ఆఫీసు తలుపు వంటిది.

నమ్మకం ఎవరి చేతికి పోయింది?

పాఠంలో అసలు ముఖ్యమైన ముక్క ఇదే. పెద్ద కవరు విప్పే ఆ మధ్యవర్తికి రెండు చిరునామాలూ తెలుసు. ఎవరు పంపారో తెలుసు, ఎక్కడికి పంపారో తెలుసు. అంటే వీపీఎన్ పెట్టుకుంటే చూసేవాళ్లు లేకుండా పోరు. చూసే అవకాశం మన కనెక్షన్ కంపెనీ చేతిలోంచి వీపీఎన్ కంపెనీ చేతికి మారుతుంది, అంతే. అలా మార్చడం లాభమా నష్టమా అనేది ఆ రెండో చెయ్యి ఎవరిదనే దానిమీద ఉంటుంది. మా వాలంటీరు ఆ రోజు చేసింది, దారిలో ఎవరైనా చూస్తారేమోనని భయపడి, మొత్తం సంచిని ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పగించడం.

ఇది ఊరికే అనుమానం కాదు. ఒనావో అనే ఇజ్రాయెల్ కంపెనీని ఫేస్‌బుక్ 2013లో కొంది. ఒనావో ప్రొటెక్ట్ పేరుతో ఉచిత వీపీఎన్ ఇచ్చి, మీ సమాచారాన్ని భద్రంగా ఉంచుతామని ప్రచారం చేసింది. ఆ సొరంగంలోంచి వెళ్లే రద్దీని చూసి, జనం ఏ యాప్‌ను ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్ తెలుసుకుంది. తమ నియమాలకు విరుద్ధమని యాపిల్ అభ్యంతరం చెప్పడంతో 2018లో ఆ స్టోరు నుంచి అది వెళ్లిపోయింది. మరుసటి ఏడాది పూర్తిగా మూతపడింది. ఇదే విషయంలో 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఆ సంస్థ అనుబంధ కంపెనీలకు రెండు కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కాపలాకు పెట్టుకున్నవాడే ఇంట్లోకి తొంగిచూసిన కథ ఇది.

2015లో హోలా అనే మరో ఉచిత వీపీఎన్ సంగతి బయటపడింది. దాన్ని వాడేవాళ్ల కనెక్షన్లనే ఆ కంపెనీ ఇతరులకు డబ్బుకు అమ్ముతోంది. అంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చేసే పని మన ఇంటి చిరునామాతో బయటికి వెళ్తుంది. వాళ్లు తప్పుడు పని చేస్తే పోలీసులు ముందు తట్టేది మన తలుపునే.

సర్వర్లకు అద్దె కట్టాలి, కరెంటు కట్టాలి, ఇంజనీర్లకు జీతాలివ్వాలి. డబ్బు తీసుకోకుండా ఇవన్నీ చేస్తున్నారంటే ఖర్చు ఎక్కడినుంచి వస్తోందని అడగాలి. డబ్బు కట్టే చందాదారుల ఆదాయంతో కొంత మేరకు ఉచితంగా ఇచ్చే మంచి కంపెనీలు లేకపోలేదు. అవి ఆ మాట బాహాటంగా చెబుతాయి, తమ పద్ధతులను బయటివాళ్లతో తనిఖీ చేయించి నివేదికలు పెడతాయి. ఎవరు నడుపుతున్నారో పేరు లేనిది, ఏ దేశంలో ఉందో తెలియనిది, ప్రకటనలతో నిండినది అయితే దాని జోలికి పోకపోవడం మంచిది. అలాంటిది ఉండేకంటే అసలు వీపీఎన్ లేకపోవడమే నయం.

వీపీఎన్ చేయలేని పనులు

వీపీఎన్ అమ్మేవాళ్ల ప్రకటనలు చూస్తే అది ఉంటే చాలు, ఏ దొంగా దగ్గరికి రాడనిపిస్తుంది. అది నిజం కాదు. సొరంగం దారిని కాపాడుతుంది. దారికి రెండు చివర్లా ఉన్న ఇళ్లను కాపాడలేదు.

మన పేరుతో గూగుల్‌లోకో ఫేస్‌బుక్‌లోకో లాగిన్ అయ్యాక వీపీఎన్ ఉన్నా మనమెవరో వాళ్లకు తెలుసు. ఫోన్‌లోని యాప్‌కు కాంటాక్టులు, ఫొటోలు, లొకేషన్ చూసే అనుమతి మనమే ఇస్తే ఆ యాప్ వాటిని చక్కగా తీసుకుంటుంది. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసినవాడికి మనమే ఓటీపీ చెబితే ఏ సొరంగమూ ఆపలేదు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కితే దొంగ నేరుగా ఫోన్‌లో కూర్చుంటాడు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో కనిపించి డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాడికి వీపీఎన్ ఉందో లేదో పట్టదు. మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఈ దారుల్లోనే. అలా జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చట్టం ఏమంటోంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కాబట్టి "దాచడానికి ఏముంది, తప్పు చేసినవాళ్లే దాచుకుంటారు" అనే మాట సరికాదు. పేదరికం తప్పు కాదు, జబ్బు తప్పు కాదు. అయినా వాటిని నలుగురిలో చెప్పుకోవాలని ఎవరికీ ఉండదు.

మన దేశంలో వీపీఎన్ వాడటం మామూలుగా నేరం కాదు. అయితే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు తమ చందాదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వాళ్లకిచ్చిన ఐపీ అడ్రసుల వంటి వివరాలను ఐదేళ్లపాటు ఉంచాలన్నది దాని సారాంశం. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఇది వర్తించదు. ఎవరి వివరాలూ దాచిపెట్టుకోకపోవడమే మా విధానం అని చెప్పుకునే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ వంటివి ఆ ఏడాదే భారత్‌లోని తమ సర్వర్లను తీసేశాయి. నేరగాళ్లను పట్టుకోవడానికి వివరాలు కావాలన్నది ప్రభుత్వం వాదన. వివరాలు ఒకచోట పోగుపడటమే ప్రమాదమన్నది ఎదుటివాళ్ల వాదన. రెండూ తెలుసుకుని ఉండటం మంచిది.

గల్ఫ్‌లో పిల్లలున్న కుటుంబాలకు ఒక ముఖ్యమైన మాట. మన కడప, రాయచోటి వైపు ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. యూఏఈలో వాట్సాప్ ద్వారా ఫోన్ మాట్లాడటానికి వీల్లేకుండా ఆపడంతో, అమ్మతో మాట్లాడాలన్న ఆశతో చాలామంది పిల్లలు ఏదో ఒక ఉచిత వీపీఎన్ పెట్టుకుంటారు. అక్కడి 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని కప్పిపుచ్చడానికో ఇంకొకరి ఐపీ అడ్రసుతో తప్పుదోవ పట్టిస్తే జైలు గాని, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హముల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాల్ మాట్లాడినందుకే ఇంత శిక్ష పడుతుందని మేము చెప్పడం లేదు. కానీ వీసా మీద బతికే పిల్లవాడు ఆ గీతకు దగ్గరగా ఎందుకు నడవాలి? బోటిమ్ వంటి అక్కడ అనుమతి ఉన్న యాప్‌లలో మాట్లాడుకోవచ్చు. ఇక్కడున్న తల్లిదండ్రులు కూడా "వాట్సాప్‌లోనే చెయ్యి నాయనా" అని పట్టుపట్టవద్దు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని మాత్రం మనవంటి సంస్థలు ప్రత్యేకంగా గమనించాలి. ఒకరి వివరాలు తీసుకునేవారు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు పొందాలి, చెప్పిన పనికే వాడాలి, భద్రంగా ఉంచాలి, పని తీరాక తీసేయాలి. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. అంత పెద్ద అంకె పెద్ద కంపెనీలను ఉద్దేశించినదే అనుకుందాం. బాధ్యత మాత్రం చిన్నా పెద్దా అందరిదీ.

మేము మార్చుకున్న పద్ధతులు

ఆ రోజు తర్వాత కమిటీలో కూర్చుని కొన్ని నియమాలు పెట్టుకున్నాం. దాతలకు చెప్పుకోదగిన ఖర్చేమీ కాలేదు.

దరఖాస్తు కాగితాలను బయటి వైఫైలో పంపడం మానేశాం. తప్పనిసరైతే సొంత సిమ్ డేటా వాడతాం. వీపీఎన్ అవసరమైతే కమిటీ ఎంచిన, చందా కట్టిన ఒకే ఒకటి వాడతాం. ఎవరి ఫోన్‌లో వారు దొరికినది పెట్టుకోవడం లేదు. ఆధార్ పూర్తి నకలు బదులు మొదటి ఎనిమిది అంకెలు కప్పి, చివరి నాలుగు మాత్రమే చూపే మాస్క్‌డ్ ఆధార్ అడుగుతున్నాం. దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచే తీసుకోవచ్చు. తీసుకోవడం రానివారికి వాలంటీర్లు సాయం చేస్తారు. సొసైటీ మెయిల్‌కు పాస్‌వర్డుతోపాటు రెండో తాళం, అంటే టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టాం. ఆఫీసు వైఫై పెట్టెకు కొన్నప్పటినుంచీ ఉన్న పాస్‌వర్డును మార్చాం. కాగితాలు చూసే అవకాశం ముగ్గురికే ఇచ్చాం. సహాయం అందించి, లెక్క తేలాక వాలంటీర్ల ఫోన్లలోని నకళ్లను తీసేయిస్తున్నాం. మా అబ్బాయి ఆ ఉచిత యాప్‌ను అదే రాత్రి తీసేసి, మెయిల్ పాస్‌వర్డు మార్చాడు. ఇప్పుడు కొత్త వాలంటీర్లకు ఈ పాఠం చెప్పేది అతనే.

ఇవన్నీ చేశాక పని ముగిసిందనుకున్నాం. రంజాన్ చివరి వారంలో కుట్టు మిషన్లు పంచుతున్నప్పుడు ఒక తల్లి వరసలోంచి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "సార్, నా ఫొటో గ్రూపులో పెడతారా? నా కూతురి సంబంధం మాట్లాడుతున్నారు. వాళ్ల బంధువులు కూడా ఆ గ్రూపులో ఉన్నారు."

మా దగ్గర జవాబు లేదు. ఏటా పెడుతున్నాం మరి. తాళాలు, ముద్రలు, సొరంగాలు అన్నీ నేర్చుకున్నాం గాని, ఆమె పేరూ ముఖమూ రెండు వందలమంది ఉన్న గ్రూపులో మేమే మా చేత్తో పెట్టేవాళ్లం. దాన్ని ఏ వీపీఎన్ ఆపుతుంది?

ఈ సంచికలో మీరు పంపిణీ ఫొటోలు వెతికితే మిషన్లు కనిపిస్తాయి, బియ్యం సంచులు కనిపిస్తాయి, పుస్తకాల కట్టలు కనిపిస్తాయి. అందుకున్నవారి ముఖాలు కనిపించవు. వివరాలు చూడాలనుకునే దాతలకు ఆఫీసులో రిజిస్టరు, రసీదులు, ఆడిట్ నివేదిక సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. ముఖాలు లేని ఫొటోలు చూసి మీరిచ్చింది చేరలేదేమోనని అనుమానించవద్దని మా మనవి. అది చేరవలసిన చోటికే చేరింది. పుచ్చుకున్న తల్లి పరువు కూడా ఆమె దగ్గరే ఉంది.